విశాఖ డాబా మీద నుంచి నోవా, డ్వార్ఫ్ నోవా విజృంభణలను గమనించి రకం తేల్చడం ఎలా

విశాఖపట్నం అక్షాంశం సుమారు 17.7 డిగ్రీలు. శ్రవణా నక్షత్రానికి కాస్త ఉత్తరంగా డబ్ల్యూజెడ్ సజిటే అని ఒక చిన్న నక్షత్రం ఉంది, డ్వార్ఫ్ నోవా రకం. దాని క్రాంతి, అంటే ఆకాశంలో అక్షాంశం లాంటి కొలత, కూడా 17.7 డిగ్రీలే. అంటే అది రోజూ సరిగ్గా మన ఊరి నడినెత్తి మీదుగా దాటుతుంది. మామూలు రోజుల్లో 15వ మాగ్నిట్యూడ్ దగ్గర, బైనాక్యులర్స్‌కి అందనంత మసకగా పడి ఉంటుంది. మాగ్నిట్యూడ్ అంటే వెలుగు కొలత, అంకె చిన్నదయ్యే కొద్దీ వెలుగు ఎక్కువ. 1913, 1946, 1978, 2001 సంవత్సరాల్లో మాత్రం ఉన్నట్టుండి 8వ మాగ్నిట్యూడ్ దాకా లేచింది. వెలుగు ఇంచుమించు 600 రెట్లు పెరిగిందన్నమాట. 2001లో అది జరిగింది జూలైలో, మనకు మబ్బులు కమ్ముకునే నెలలో.

మబ్బు తెరిపి ఇచ్చిన ప్రతి రాత్రీ ఇలాంటి నక్షత్రాలను ఒకసారి చూసి, చూసింది రాసిపెట్టే మనుషులు ఈ ఊళ్లో ఇంకొందరు ఉండాలని నా కోరిక. దానికి పెద్ద టెలిస్కోపు అక్కర్లేదు. ఓపిక, ఒక చార్టు (నక్షత్రాల పటం), సరైన గడియారం కావాలి. ఇంకో కారణం కూడా ఉంది. మనకు అర్ధరాత్రి అయినప్పుడు అమెరికాలో పట్టపగలు, యూరప్‌లో ఇంకా సాయంత్రమే. డ్వార్ఫ్ నోవా ఒక్క రోజులో పైకి లేచిపోతుంది. ఆ లేవడం మన రాత్రిలో పడితే, మన వైపు వాళ్లు చూడకపోతే ఆ ముక్క రికార్డులో ఖాళీగా మిగిలిపోతుంది.

ముందు రెండింటికీ తేడా

రెండు రకాలకూ మూలం ఒకే తీరు జంట నక్షత్రం. జంటలో ఒకటి శ్వేత కుబ్జం. అంటే ఇంధనం అయిపోయి, ఇంచుమించు భూమంత సైజుకు కుదించుకుపోయిన బరువైన నక్షత్రం. పక్కనున్న రెండో నక్షత్రం నుంచి వాయువు దీని వైపు జారుతూ ఉంటుంది. అది నేరుగా మీద పడదు, చుట్టూ పళ్లెంలా తిరుగుతూ మెల్లగా లోపలికి దిగుతుంది.

డ్వార్ఫ్ నోవాలో వెలిగేది ఈ పళ్లెమే. వాయువు పేరుకుని వేడెక్కి, హైడ్రోజన్ అయనీకరణం చెందే స్థాయి దాటగానే పేరుకున్నది ఒక్కసారిగా లోపలికి దిగడం మొదలవుతుంది. మేఘాద్రిగెడ్డ రిజర్వాయరు నిండాక గేట్లు ఎత్తినట్టు. నీరు తగ్గాక గేట్లు పడతాయి, మళ్లీ నిండటం మొదలు. అందుకే డ్వార్ఫ్ నోవా మళ్లీ మళ్లీ వస్తుంది. నోవా సంగతి వేరు. శ్వేత కుబ్జం ఉపరితలం మీద ఏళ్ల తరబడి పేరుకున్న హైడ్రోజన్ పొర అడుగున కేంద్రక సంలీనం అంటుకుని, పొర మొత్తం ఎగిరిపోతుంది. నక్షత్రం మాత్రం మిగులుతుంది. ఈ తేడా మనసులో ఉండాలని నేను మొదటిదాన్ని విజృంభణ అనీ, రెండోదాన్ని పేలుడు అనీ రాస్తాను.

ఏ పరికరం, ఎక్కడి నుంచి

10×50 బైనాక్యులర్స్‌తో మొదలుపెట్టండి. నగరంలో డాబా మీద నుంచి 8, మంచి రాత్రి అయితే 9వ మాగ్నిట్యూడ్ దాకా అందుతాయి. ఆరు లేదా ఎనిమిది అంగుళాల డాబ్సోనియన్ టెలిస్కోపు ఉంటే ఆట మారిపోతుంది. డ్వార్ఫ్ నోవాలు మామూలు స్థితిలో కూడా కొన్ని కనిపిస్తాయి. ఏది ఉన్నా, దాని హద్దు ఎంతో మీరే కొలిచి తెలుసుకోండి. చార్టులో ఎంత మసక నక్షత్రం దాకా కచ్చితంగా కనిపించిందో ప్రతి రాత్రీ చూసుకోవాలి. ఆ అంకె తర్వాత చాలా పనికొస్తుంది.

విశాఖ తీరం ఆగ్నేయం వైపు తిరిగి ఉంటుంది. అది మనకు వరం. నోవాలు ఎక్కువగా కనిపించే వృశ్చికం, ధనుస్సు రాశుల వైపు పాలపుంత సముద్రంలోంచే పైకి వస్తుంది, అటు వీధి దీపాలు ఉండవు. పోర్టు, రిఫైనరీ, స్టీల్ ప్లాంటు వెలుగు పడే దిక్కు మీ ఇంటి నుంచి ఏదో చూసుకుని, అటువైపు ఉన్న నక్షత్రాలను నెత్తి మీదకు వచ్చాకే చూడండి. మధురవాడ దాటి భీమిలి వైపు వెళ్తే ఇంకా నయం. బీచ్‌కి రాత్రిపూట ఒంటరిగా వెళ్లకండి, ఇద్దరు ముగ్గురు కలిసి వెళ్లండి. హుద్‌హుద్ తుపాను తర్వాత కరెంటు లేని ఆ రాత్రుల్లో, చంద్రుడు రాకముందు, ఈ ఊరి ఆకాశం ఎంత నల్లగా ఉండగలదో నేను మా వీధిలోనే చూశాను. అంతటి కష్టకాలంలోనూ పైకి చూడకుండా ఉండలేకపోయాను.

సముద్రపు గాలి గురించి ఒక జాగ్రత్త. సాయంత్రం వీచే గాలిలో తేమ, ఉప్పు రెండూ ఉంటాయి. అద్దం మీద ఉప్పు చేరితే పొడి గుడ్డతో రుద్దకండి, గీతలు పడతాయి. ముందు రబ్బరు బల్బుతో గాలి ఊది, డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి మెల్లగా తీయాలి. చూడటం అయ్యాక బైనాక్యులర్స్‌ని గట్టి మూత ఉన్న స్టీలు డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. లేకపోతే రెండు వానాకాలాల్లోనే లెన్సు లోపల బూజు పట్టేస్తుంది.

ఏవి చూడాలి, ఎప్పుడు

మొదటి ఏడాదికి ఐదు నక్షత్రాలు చాలు. నవంబరు సగంలో రాత్రి 7 గంటలకు ఎస్ఎస్ సిగ్ని ఉత్తరాన బాగా ఎత్తులో ఉంటుంది. మామూలుగా 12, విజృంభిస్తే 8. నాలుగు నుంచి పది వారాలకోసారి లేస్తుంది కాబట్టి కొత్తవాళ్లను నిరాశపరచదు. 1896లో హార్వర్డ్‌లో లూయిసా వెల్స్ దీన్ని కనిపెట్టారు. సంక్రాంతి రోజుల్లో అర్ధరాత్రికి యు జెమినోరమ్ దాదాపు నడినెత్తికి వస్తుంది. పునర్వసు జంటలో పోలక్స్‌కి సుమారు ఆరు డిగ్రీలు దక్షిణాన ఉంటుంది. 1855లో జాన్ రస్సెల్ హైండ్ చూసిన ఈ నక్షత్రమే డ్వార్ఫ్ నోవాల్లో మొదటిది. 14 నుంచి 9కి లేస్తుంది, సగటున వంద రోజులకోసారి. భోగి మంటల పొగ ఉన్న తెల్లవారుజామున మాత్రం దాన్ని కొలవకండి, పొగలో వచ్చే అంకె నమ్మదగ్గది కాదు.

వేసవిలో స్వాతికీ అభిజిత్తుకూ మధ్య ఉత్తర కిరీటం చూడండి. అందులో ఎప్సిలాన్ నక్షత్రానికి ఒక డిగ్రీ దూరంలో టి కొరోనే బొరియాలిస్ ఉంది. ఇది నోవా, అదీ పునరావృత నోవా. 1866లో, 1946లో పేలి 10 నుంచి 2వ మాగ్నిట్యూడ్‌కి లేచింది. ఎనభై ఏళ్ల లెక్కన తర్వాతి పేలుడు కోసం ప్రపంచమంతా కాచుకుని ఉంది. వారం రోజుల్లో కంటికి కనిపించనంతగా తగ్గిపోయే రకం కాబట్టి దీనికి రోజూ ఒక చూపు తప్పనిసరి. ఆగస్టు సాయంత్రాల్లో మబ్బు సందు దొరికితే ఆర్ఎస్ ఓఫియుకి చూడండి. 2006లో, మళ్లీ 2021 ఆగస్టులో పేలింది. ఐదోది డబ్ల్యూజెడ్ సజిటే. చాలా రాత్రులు మీకు అది కనిపించదు. కనిపించలేదని రాయడమే మీ పని.

మాగ్నిట్యూడ్ అంచనా వేయడం

ఈ పనికి గుండెకాయ ఇదే. చదివితే సులువు, చెయ్యి కుదరడానికి నెల పడుతుంది.

అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ వేరియబుల్ స్టార్ అబ్జర్వర్స్, అంటే ఏఏవీఎస్ఓ, 1911 నుంచి ఇదే పని చేస్తోంది. వాళ్ల వెబ్‌సైట్‌లో నక్షత్రం పేరు ఇస్తే చార్టు ఉచితంగా వస్తుంది. అందులో చుట్టూ ఉన్న పోలిక నక్షత్రాల పక్కన 98, 104 లాంటి అంకెలు ఉంటాయి. 98 అంటే 9.8. దశాంశ బిందువు పెడితే దాన్ని కూడా ఒక నక్షత్రం అనుకుంటామని తీసేశారు.

కళ్లు చీకటికి అలవాటు పడటానికి 20 నిమిషాలు ఇవ్వండి. ఫోన్ జేబులోనే ఉంచండి, చార్టు చూడటానికి టార్చికి ఎర్ర కాగితం కట్టండి. మీ నక్షత్రం కన్నా కొంచెం ఎక్కువ వెలిగేది ఒకటి, కొంచెం తక్కువ వెలిగేది ఒకటి వెతకండి. అవి 9.8, 10.4 అనుకుందాం. మధ్య దూరం 0.6. మీ నక్షత్రం ఎక్కువ వెలిగేదాని వైపు మూడో వంతు దగ్గర ఉందనిపిస్తే 9.8కి 0.2 కలపండి, 10.0. అంతే. మూడు నక్షత్రాలనూ ఒక్కొక్కటిగా చూపు మధ్యలోకి తెచ్చి చూడాలి. పక్కపక్కన పెట్టి ఒకేసారి చూస్తే కింద వైపున్నది ఎక్కువ వెలుగుతున్నట్టు అనిపించవచ్చు. తల అటూ ఇటూ తిప్పి ఇంకోసారి సరిచూసుకోండి. ఎర్రటి నక్షత్రాన్ని అదేపనిగా తేరిపార చూడకండి. చూసే కొద్దీ అది వెలుగు పెరుగుతున్నట్టు కనిపిస్తుంది. టి కొరోనేలో ఎర్ర జెయింటు, అంటే బాగా ఉబ్బిన ఎర్ర నక్షత్రం, ఉంది కాబట్టి అక్కడ ఇది ముఖ్యం.

నక్షత్రం కనిపించకపోతే కనిపించిన అతి మసక పోలిక నక్షత్రం అంకె ముందు 'కన్నా తక్కువ' గుర్తు పెట్టి రాయండి, వెలుగు అంతకన్నా తక్కువ అని అర్థం. ఇవాళ 11.2 కన్నా తక్కువ, రేపు 8.6 అని ఉంటే విజృంభణ ఎప్పుడు మొదలైందో ఒక్క రోజు తేడాలో పట్టుకున్నట్టే. నిన్నటి ఆ ఖాళీ చూపు లేకపోతే ఇవాళ్టి 8.6కి సగం విలువ పోతుంది.

కంటి అంచనాను తక్కువగా అనుకోకండి. ఇప్పటి బంగ్లాదేశ్‌లోని జెస్సోర్‌లో ట్రెజరీ ఉద్యోగి రాధా గోవింద చంద్ర 1918లో గరుడ రాశిలో వచ్చిన నోవాను కంటితోనే స్వతంత్రంగా చూశారు. తర్వాత ఏఏవీఎస్ఓకు 37 వేలకు పైగా పరిశీలనలు పంపారు. వాళ్లు ఆయనకు అరువు ఇచ్చిన ఆరంగుళాల టెలిస్కోపు తర్వాత ఖగోళ శాస్త్రవేత్త వైణు బప్పు చేతికి, అక్కడి నుంచి తమిళనాడులోని కావలూరు వేధశాలకు చేరింది. మన ఊళ్లో అయితే 1840లోనే గోడే వెంకట జగ్గారావు డాబాగార్డెన్స్‌లో సొంతంగా వేధశాల కట్టారు. ఐదు మాగ్నిట్యూడ్ల తేడా అంటే వంద రెట్లు అని మనం వాడే లెక్క నార్మన్ పోగ్సన్‌ది. ఆయన 1860లో ఎం80 నక్షత్ర గుచ్ఛంలో ఒక నోవాను చూసి, మరుసటి ఏడాది మద్రాసు వేధశాలకు వచ్చారు.

సమయం రాయడం

అన్నీ యూనివర్సల్ టైంలో. మన గడియారం నుంచి ఐదున్నర గంటలు తీసేయాలి. నివేదికలో జూలియన్ డే అడుగుతారు, అంటే నెలలు, ఏళ్లు లేకుండా రోజులను వరసగా లెక్కపెట్టే అంకె. అది యూనివర్సల్ టైం మధ్యాహ్నం 12కి, అంటే మనకు సాయంత్రం 5:30కి మారుతుంది. అందువల్ల మన రాత్రంతా ఒకే జూలియన్ రోజులో ఉంటుంది, అర్ధరాత్రి తేదీ మారే గొడవ లేదు. ఉదాహరణకు 2026 జనవరి 10 రాత్రి 9:30 అంటే యూనివర్సల్ టైం 16:00, జూలియన్ డే 2461051.167.

నేను ఒకసారి రాత్రంతా కూర్చుని తీసిన ఫోటోల వరుసను మన టైంతోనే పంపేశాను. ఇతర దేశాల వాళ్ల కొలతలతో కలిపినప్పుడు నా వంపులు, అంటే వెలుగు కాలంతో పాటు మారిన తీరు చూపే గీతలు, ఎక్కడా కుదరలేదు. రెండు రోజులు టెన్షన్ పడ్డాక గానీ ఐదున్నర గంటల తేడా కంటబడలేదు. అప్పటి నుంచి నోట్‌బుక్‌లో ప్రతి పేజీ పైన 'యూటీ' అని ముందే రాసి ఉంచుతున్నాను. మీరూ అలాగే చేయండి.

రకం తేల్చడం

ఇక్కడే తొందరపడతాం. ఎంత లేచిందో చూసి పేరు పెట్టేయాలనిపిస్తుంది. సాధారణ లెక్క ఏమిటంటే డ్వార్ఫ్ నోవా రెండు నుంచి ఆరు మాగ్నిట్యూడ్లు, నోవా ఎనిమిది నుంచి పదిహేను దాకా లేస్తుంది. చాలాసార్లు ఇది సరిపోతుంది కూడా. కానీ ఒకసారి పక్కపక్కన పెట్టి చూడండి. డబ్ల్యూజెడ్ సజిటే 15 నుంచి 8కి, అంటే ఏడు లేచింది. అది డ్వార్ఫ్ నోవా. ఆర్ఎస్ ఓఫియుకి 11 దగ్గర నుంచి ఐదు లోపుకు, అంటే ఆరు ఆరున్నర లేచింది. అది నోవా. దాని జంటలో ఎర్ర జెయింటు ఉంది, మామూలు స్థితిలోనే బాగా వెలుగుతుంది, అందుకే పెరుగుదల చిన్నదిగా కనిపిస్తుంది. ఎత్తు ఒక్కటే చూసి పేరు పెడితే రెండూ తారుమారు అవుతాయి.

కాబట్టి మొదటి రాత్రి పేరు పెట్టకండి. మూడు సంగతులు మాత్రం రాయండి. పాత ఆకాశ సర్వేల ఫోటోల్లో ఆ చోట ఏముందో, దాని మాగ్నిట్యూడ్ ఎంతో చూడండి. రంగు రాయండి. విజృంభించిన డ్వార్ఫ్ నోవా నీలి తెలుపు. నోవా శిఖరం దగ్గర పసుపు ఛాయలో, దిగుతున్నప్పుడు హైడ్రోజన్ ఆల్ఫా అనే, హైడ్రోజన్ వెదజల్లే ఎర్ర వెలుగు వల్ల ఎరుపు ఛాయలో ఉండవచ్చు. అది పాలపుంత పట్టీలో ఉందా, దూరంగా ఉందా అన్నది మూడోది. మన పాలపుంత నోవాలు ఎక్కువగా పట్టీలోనే కనిపిస్తాయి. డ్వార్ఫ్ నోవాలు మసకవి, దగ్గరగా ఉన్నవే మనకు కనిపిస్తాయి కాబట్టి ఆకాశంలో ఏ మూలైనా ఉండొచ్చు.

తర్వాతి రోజుల వంపే అసలు సాక్ష్యం. డ్వార్ఫ్ నోవా అని తేలితే మూడు ప్రశ్నలు వేసుకోండి. వారం పది రోజుల్లో దిగిపోయి, మళ్లీ కొన్ని వారాలకో నెలలకో లేస్తోందా? అయితే ఎస్ఎస్ సిగ్ని, యు జెమినోరమ్ తరహా. ఎస్ఎస్ సిగ్నిలో పొట్టి విజృంభణలు, పొడుగు విజృంభణలు రెండూ ఉంటాయి, పొట్టిది చూసి కంగారు పడకండి. దిగుతూ దిగుతూ మధ్యలో, శిఖరానికి సుమారు ఒక మాగ్నిట్యూడ్ కింద ఆగిపోయి వారాలు, నెలలు అక్కడే నిలిచిందా? అది జెడ్ కామెలోపార్డాలిస్ తరహా, ఈ ఆగడం ఇంకే రకంలోనూ ఇంత స్పష్టంగా ఉండదు. మామూలు విజృంభణల మధ్య అప్పుడప్పుడు ఒక విజృంభణ రెండు వారాల పాటు, రోజుకు సుమారు 0.1 చొప్పున మెల్లగా దిగుతూ సాగిందా? అది ఎస్‌యు అర్సే మెజోరిస్ తరహా సూపర్ విజృంభణ.

ఈ మూడోదాన్ని రూఢి చేసే గుర్తు సూపర్‌హంప్. నక్షత్రాల కక్ష్యా కాలం కన్నా కొద్ది శాతం ఎక్కువ కాలంతో వెలుగు 0.2, 0.3 మాగ్నిట్యూడ్ మేర లేచి పడుతూ ఉంటుంది. పళ్లెం గుండ్రదనం తప్పి, ఆ ఆకారం మెల్లగా తిరగడమే కారణం. చాలావాటిలో ఈ కాలం గంటన్నర చుట్టుపక్కల. కంటితో పట్టుకోవడం కష్టం, కెమెరా కావాలి. టెలిస్కోపుకు కెమెరా తగిలించో, స్మార్ట్ టెలిస్కోపుతోనో నిమిషానికో ఫోటో చొప్పున మూడు నాలుగు గంటలు ఆపకుండా తీయండి. రా ఫైళ్లే తీయాలి, జేపెగ్ పనికిరాదు. పోలిక నక్షత్రాలు అదే ఫ్రేములో ఉండాలి, ఏదీ అతి వెలుగులో పూర్తి తెల్లగా మారకూడదు. ఆకుపచ్చ ఛానెల్ ఒక్కటే విడదీసి ఆస్ట్రోఇమేజ్‌జె లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో కొలిస్తే వంపు వస్తుంది. కనీసం రెండు హంప్‌లు వస్తే గానీ కాలం గురించి మాట్లాడకండి.

నోవా అయితే లెక్క వేరు. శిఖరం నుంచి రెండు మాగ్నిట్యూడ్లు తగ్గడానికి ఎన్ని రోజులు పట్టిందో లెక్కించండి. శిఖరం 5.2 మూడో తేదీన, 7.2 పదిహేడున అనుకుంటే 14 రోజులు. పది రోజుల లోపైతే అతి వేగం, 11 నుంచి 25 వేగం, 26 నుంచి 80 మధ్యస్థ వేగం, 150 దాకా నెమ్మది, ఆపైన 250 దాకా అతి నెమ్మది. 1957లో సిసిలియా పేన్-గపోష్కిన్ పెట్టిన ఈ వర్గాలే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. శిఖరం నిజంగా చూశారా, చూడకముందే దాటిపోయిందా అన్నది నిజాయితీగా రాయాలి. శిఖరం అర మాగ్నిట్యూడ్ తప్పితే వర్గమే మారిపోవచ్చు.

వంపు ఆకారం కూడా పేరు చెబుతుంది. 1975లో హంస రాశిలో వచ్చిన నోవా నునుపుగా, అతి వేగంగా దిగింది. 1934లో హెర్క్యులిస్‌లో వచ్చినది కొన్ని నెలలు నిలిచి, ఒక్కసారిగా 13 దాకా పడిపోయి మళ్లీ లేచింది. ఎగిరిపోయిన వాయువులో ధూళి ఏర్పడి వెలుగును కప్పేసింది. 2021లో క్యాసియోపియాలో మార్చిలో దొరికిన నోవా మే నెలలో గానీ శిఖరానికి చేరలేదు. అందుకే పడిపోయిందని చార్టు మడిచి పెట్టేయకండి. టి కొరోనే కూడా 1946లో పేలుడు తర్వాత కొన్ని నెలలకు రెండోసారి కాస్త లేచింది. తుది మాట, వెలుగును రంగులుగా విడదీసి చూపే స్పెక్ట్రమ్‌ది. ఇనుము గీతలున్న నోవాలు, హీలియం నైట్రోజన్ గీతలున్న నోవాలు అని విడదీసేది దానితోనే. వెలుగును అలా విడదీసే గ్రేటింగ్ ఉన్నవాళ్లు హైడ్రోజన్ ఆల్ఫా గీత ఎంత వెడల్పుగా ఉందో చూసినా చాలా తెలుస్తుంది.

చార్టులో లేని కొత్త చుక్క కనిపిస్తే

గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆ మాట నిజం. అయినా ముందు ఒక గంట ఆగి ఇంకో ఫోటో తీయండి. కదిలితే గ్రహశకలం. ఏఏవీఎస్ఓ వాళ్ల చలతారల (వెలుగు మారే నక్షత్రాల) జాబితా వీఎస్ఎక్స్‌లో ఆ చోట మీరా తరహా, అంటే నెలల తరబడి మెల్లగా వెలుగు పెరిగి తగ్గే ఎర్ర చలతార ఉందేమో వెతకండి, కొత్తవాళ్లు ఎక్కువగా మోసపోయేది వీటి దగ్గరే. దగ్గర్లో బాగా వెలిగే నక్షత్రం ఉంటే అది లెన్సులో పడిన దాని ప్రతిబింబం కావచ్చు. కెమెరాను కొద్దిగా జరిపి చూడండి. ఇవన్నీ దాటాక వేరే ఊళ్లో ఉన్న మిత్రుడిని అదే చోట చూడమనండి. ఆయనకూ కనిపిస్తే నిర్దేశాంకాలు, సమయం, మాగ్నిట్యూడ్, వాడిన పరికరం రాసి అంతర్జాతీయ ఖగోళ సంఘం టెలిగ్రామ్ బ్యూరో పేజీలో నమోదు చేయండి.

మామూలు పరిశీలనలను ఏఏవీఎస్ఓకి పంపడానికి ఒక పరిశీలకుడి కోడ్ తీసుకుంటే చాలు. పంపేముందు ఇతరుల అంకెలు చూడకండి. చూసి మీ 10.0ని 9.8గా మారిస్తే, ఆ రాత్రి మీరు చూసింది ఎక్కడా మిగలదు. మీ చార్టు పేరు, వాడిన రెండు పోలిక నక్షత్రాలు తప్పక రాయండి. చంద్రుడు, మబ్బు, తేమ ఉంటే వ్యాఖ్యలో చెప్పండి.

విజృంభణ అయిపోయిందనుకున్నాక కూడా ఇంకో రెండు నెలలు ఆ చార్టును డాబా మెట్ల దగ్గరే ఉంచండి. 2001లో డబ్ల్యూజెడ్ సజిటే ప్రధాన విజృంభణ ముగిశాక మళ్లీ 12 సార్లు లేచి పడింది.